వదులు కవచం

మా బాబాయి గదిలోకి వచ్చేముందు ఆయన పొట్ట వచ్చేది. ఈ మాట నాది కాదు, తన గురించి తనే చెప్పుకునేవాడు. బడి బస్సు డ్రైవరు. స్టీరింగు రాసుకుని రాసుకుని ఆయన ప్రతి చొక్కాకీ పొట్ట మీద ఒక నల్లటి చార ఉండేది, అమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు. బస్సులో పిల్లలు ఆయన్ని డ్రమ్ము మామ అనేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, మంచం మీద ఇంకొకరికి చోటెక్కడుందని ఎదురడిగేవాడు. మా ఇంటి మేడమీద గదిలో ఉండేవాడు. భోజనం మాతోనే.

ఆ ఏడు బడికి వేసవి సెలవులిచ్చిన సాయంత్రం, భుజం మీద ఒక పెద్ద చుట్ట మోసుకొచ్చి నాన్న కోత బల్ల మీద దభీమని పడేశాడు. కసరత్తు చేసే చోట నేల మీద పరుస్తారే, ఆ నల్లటి మందపాటి ఫోమ్. ఆ అదురుకి గుండీల డబ్బా కిందపడి గుండీలు గదంతా దొర్లాయి.

"ఏంట్రా ఇది?" అన్నాడు నాన్న.

"కవచం అన్నయ్యా. ఇంకా కాలేదనుకో. నువ్వు కోస్తే అవుతుంది."

ఎండాకాలం చివర్లో ఊళ్ళో ప్రదర్శనశాలలో వేషాల పోటీ ఉంది. ఎవరి వేషం వాళ్ళు ఇంట్లో చేసుకుని, తొడుక్కుని వెళ్ళాలి. బాబాయి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. తల నుంచి కాళ్ళ దాకా ఇనుము తొడుక్కున్న మహాకాయుడు, కోట గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"చిన్నప్పుడు బడి నాటకాల్లో నాకెప్పుడూ గోడ వేషమో కొండ వేషమో ఇచ్చేవాళ్ళు. కదలకుండా నిలబడటమే నా నటన. ఈ ఒంటికి తగిన వేషం ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. వీడి వేషానికి సన్నటివాడు పనికిరాడు, చూడు."

"నేను కోత మానేశాను కదరా," అన్నాడు నాన్న, గుండీలు ఏరడానికి వంగుతూ.

అది నిజం. నాన్న దర్జీ. మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. అంతకుముందు చలికాలంలో కంట్లో పొరకి ఆపరేషన్ అయింది. కన్ను బాగానే కుదిరింది. కానీ ఆ తర్వాత కుట్టిన మొదటి కోటు వెనక్కొచ్చింది. ఒక వకీలు నలుగురి ముందూ అద్దంలో చూసుకుంటూ, కోటుని రెండు వేళ్ళతో ముందుకి లాగి, "ఇందులో నేనూ నా గుమాస్తా ఇద్దరం పడతాం," అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ మర్నాటి నుంచి కత్తెర ముట్టలేదు. ప్యాంటు అంచులు మడవడం, జిప్పులు మార్చడం, అంతే. కొత్త గుడ్డ తెచ్చినవాళ్ళని ఎదురింటి దర్జీ దగ్గరకి తనే పంపేసేవాడు. కాజాలు కుట్టే అమ్మకి చేతినిండా ఖాళీ. ఆమె ఆ ఖాళీనంతా మమ్మల్ని కసరడానికి వాడుకునేది.

బాబాయి నన్ను మేడ మెట్ల మీద ఆపాడు. నాకు అప్పుడే పరీక్షలు అయిపోయాయి. వీడియోలు చూసి అట్టలతో, రంగులతో ఏదో ఒకటి చేస్తుండేదాన్ని. అందుకని ఆయన నన్ను మేస్త్రీ అనేవాడు.

"మేస్త్రీ, నాకు వేషం పిచ్చి ఉన్న మాట నిజమే. కానీ అసలు సంగతి వేరు. మీ నాన్న గుడ్డని చూస్తే జంకుతున్నాడు. ఇది గుడ్డ కాదు కదా. తప్పినా కోప్పడే ఖాతాదారు లేడు. ఒక్కసారి చెయ్యి తిరిగిందంటే మళ్ళీ కోటు కోస్తాడు. నువ్వు నా పక్కన ఉండాలి."

"ఉంటాను బాబాయ్."

"నా ఒళ్ళు ఇన్నాళ్ళకి ఎవరికో ఒకరికి పనికొస్తోంది," అన్నాడు నవ్వుతూ.

నాన్న మళ్ళీ కత్తెర పడతాడా లేదా అన్నదే ఆ వేసవంతా మా ఇంట్లో అసలు ప్రశ్న. మిగతావన్నీ మాకు చిన్న విషయాలుగానే కనిపించాయి. అలా కనిపించాయే అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

నాన్న నాలుగు రోజులు ఆ చుట్ట వైపు చూడలేదు. ఐదో రోజు నేను బాబాయిని బల్ల పక్కన నిలబెట్టి, వీడియోలో చూపించినట్టు పల్చటి ప్లాస్టిక్ కాగితం ఒంటికి చుట్టి, దాని మీద అంటుడు టేపు వేస్తున్నాను. దాని మీద గీతలు గీసి, కత్తిరించి, చదునుగా పరిస్తే అదే నమూనా అవుతుంది. నాన్న కాసేపు చూశాడు. ప్యాంటు అంచు మడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"మనిషిని పార్సిల్ కట్టినట్టు కట్టి కొలత తీయడమేమిటే?" అన్నాడు. "తియ్యి అదంతా. పక్కకి జరుగు."

మెళ్ళో వేలాడుతున్న కొలత టేపు చేతిలోకి తీసుకున్నాడు. బాబాయి ప్లాస్టిక్ కాగితంలోంచి నాకు కన్ను కొట్టాడు. భుజం, మెడ, చంక కింద, ఛాతీ, ఒక్కొక్కటే నాన్న చెప్తుంటే నేను ఫోమ్ వెనక సుద్దతో రాశాను. పొట్ట దగ్గర టేపు అందీ అందక ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు బాబాయి.

"టేపు అయిపోయింది. నువ్వింకా ఉన్నావు," అన్నాడు నాన్న.

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. చాలాకాలం తర్వాత నాన్న వేసిన జోకు అది.

మొదటిసారి కోసినప్పుడు తప్పు నాన్నదే. గుడ్డకి కుట్టు కోసం అంచున కాస్త వదులుతారు. ఆ వదిలింది కుట్టులో లోపలికి పోతుంది. నాన్న చెయ్యి అలవాటు కొద్దీ ఫోమ్‌కి కూడా అన్ని అంచులా వదిలేసింది. ఫోమ్‌కి కుట్టెక్కడిది? రెండంచులకీ జిగురు రాసి, ఆరనిచ్చి, అంచుకి అంచు ఆనిస్తే అతుక్కుపోతుంది, ఇక దేవుడొచ్చినా ఊడదు. అలా అన్ని ముక్కలూ అతికించి తొడిగితే, బాబాయి అంతటివాడు కూడా అందులో మునిగిపోయాడు. మెడ దగ్గర నుంచి తల బయట పెట్టి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాడు.

అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. నాన్న ముఖం మాత్రం వాడిపోయింది. వకీలు కోటు గుర్తొచ్చిందని ముగ్గురికీ అర్థమైంది. నవ్వు ఆపేశాం.

"కుట్టుకి వదిలావు నాన్నా. దీనికి అక్కర్లేదు. నేనే ముందు చెప్పాల్సింది," అన్నాను.

"నాకు తట్టొద్దూ?" అన్నాడు నాన్న. కానీ కత్తి కింద పెట్టలేదు. వదిలిందంతా తీసేసి మళ్ళీ కోశాడు. ఈసారి ఛాతీ పలక బాబాయికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. బాబాయి ఊపిరి పీల్చి వదిలాడు. పలక ఆయనతో పాటు పైకి లేచి కిందికి దిగింది. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, చంక కింద వేలు పెట్టి చూశాడు, వేలు దూరలేదు. ఆ పూట అన్నం రెండోసారి వడ్డించమని అడిగాడు.

ఆ తర్వాతి వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. ముందుగది నిండా భుజాలు, మోచేతులు, మోకాళ్ళు. నాన్న కోసేవాడు. నేను హీట్ గన్‌తో వేడిగాలి కొట్టి, ముక్క మెత్తబడగానే నా తొడ మీద వంచి గుండ్రంగా చేసేదాన్ని. ఫోమ్ కోస్తే కత్తి ఇట్టే మొద్దుబారుతుంది. నాన్న ప్రతి నాలుగు కోతలకీ కత్తిని రాయి మీద నూరుకునేవాడు. ఆ చప్పుడు వినిపిస్తుంటే అమ్మ ముఖం వెలిగిపోయేది. జిగురు వాసన మాత్రం భరించలేకపోయేది. కిటికీలన్నీ బార్లా తెరిచి, ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని, మమ్మల్నందరినీ కలిపి తిట్టేది.

జిగురు రాసే పని బాబాయిది. కుదురుగా కూర్చుని చేసే పని కాబట్టి తనే అడిగి తీసుకున్నాడు. కొన్నాళ్ళకి అన్నం దగ్గర సగంలో లేవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, వంట బాగాలేదా?" అంది అమ్మ.

"వంటకేం వదినా. ఆ జిగురు వాసన గొంతులో కూర్చుంది. ముద్ద దిగట్లేదు."

"చెప్తే విన్నారా? మేడ మీద చేసుకోండి ఆ వెధవ పని."

జిగురు డబ్బా మేడ మీదకి వెళ్ళింది. ఆకలి మాత్రం తిరిగి రాలేదు. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి, ఎండలకి ఎవరికి మాత్రం ఆకలేస్తుంది అనుకున్నాం. బుగ్గలు కాస్త లోపలికి పోయాయి. ఒకరోజు అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "చిక్కావయ్యా," అంది.

బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "వదినా, నలభై ఏళ్ళలో నన్ను ఆ మాట అన్నది నువ్వొక్కదానివే. ఇంకొక్కసారి అను."

వీధిలో అందరూ అభినందించారు. ఏం తింటున్నావు, ఏం మానేశావు అని రహస్యం అడిగారు. బడి సెలవులు కాబట్టి డ్రైవరు దుస్తులు తొడిగే పని లేదు. నాడా బిగించుకునే పాత ప్యాంటుతోనే రోజులు గడిపేశాడు. బెల్టు పెట్టుకునే మనిషైతే బెల్టు చెప్పేది. నాడాని ఎంత బిగించినా ఏమీ చెప్పదు.

పోటీకి కొన్ని వారాల ముందు, భుజాలు కూడా అతికించాక, ఛాతీ పలకని మళ్ళీ తొడిగి చూశాం. నాన్న వెనక పట్టీలు బిగించి చంక కింద వేలు పెట్టాడు. వేలు దూరింది. రెండోది పెట్టాడు. అదీ దూరింది. బాబాయి అద్దంలో నాన్న ముఖాన్నే చూస్తున్నాడు.

"అతికినట్టుంది అన్నయ్యా," అన్నాడు వెంటనే. "ఇంక దీన్ని ముట్టుకోకు."

మధ్యాహ్నం బాబాయి కునుకు తీయడానికి మేడ మీదకి వెళ్ళాక, నాన్న పలకని బల్ల మీద బోర్లా వేశాడు. పక్క అతుకు వెంట కత్తి పెట్టి నిలువునా చీల్చి, ఒక పేలిక తీసేసి, అంచులకి జిగురు రాశాడు. నేను చూస్తున్నానని తెలిసి తలెత్తకుండానే అడిగాడు. "వేడికి సాగుతుందా ఇది?"

"సాగుతుందేమో నాన్నా. చాలాసార్లు వేడి పెట్టాం."

"సాగి ఉంటుంది," అన్నాడు. ఆ మాట తను నమ్మలేదని గొంతులోనే తెలిసింది. "లేకపోతే నేనే ఎక్కడో తప్పు చదివి ఉంటాను, ఈ కంటితో. మీ బాబాయితో అనకు. వాడు దీని మీద పెట్టుకున్నంత ఆశ నేను చూడలేదు."

"బాబాయిని నిలబెట్టి ఇంకోసారి కొలవొచ్చుగా?"

నాన్న జిగురు ఆరిందో లేదో వేలితో తాకి చూశాడు. "మళ్ళీ టేపు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏమనుకుంటాడు? మొదటి కొలతే నిలబెట్టలేని దర్జీ ఎందుకే?"

దర్జీల్లో ఇదొక పట్టింపు. ఒకసారి తీసిన కొలత ఒకటే కొలత. రెండోసారి టేపు తీస్తే తప్పు ఒప్పుకున్నట్టు. నాన్నకి పని నేర్పినవాళ్ళు అలాగే నేర్పారట. అందుకని ఆయన తమ్ముడి ఒంటి మీద టేపు పెట్టకుండా, కంటి అంచనాతో కవచాన్ని తగ్గించాడు. అతుకు కనపడకుండా పైన ఒక పట్టీ వేసి, దాని మీద ఇనుప మేకుల్లా గుండీలు అంటించాడు. చూడటానికి ఎంతో బాగుంది. నేనే మెచ్చుకున్నాను.

ఇంకో పది రోజులకి అది మళ్ళీ వదులైంది. నాన్న మళ్ళీ తగ్గించాడు, అలాగే బాబాయి లేనప్పుడు, అలాగే ఇంకో పట్టీతో. వకీలు కోటు వెనక్కొచ్చాక ఎలా ఉన్నాడో మళ్ళీ అలా అయిపోయాడు. సాయంత్రం ఎవరో సూటు గుడ్డ తెస్తే, చూడకుండానే ఎదురింటికి పొమ్మన్నాడు. బాబాయి మెట్ల మీద కూర్చుని అదంతా విన్నాడు. ఆ రోజు నన్ను మేస్త్రీ అని పిలవలేదు, వేళాకోళం ఆడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. ఆఖరి సారి తొడిగి చూసినప్పుడు కవచం సరిగ్గా సరిపోయింది. సరిపోవడమే కాదు, బిగుతుగా ఉంది. నాన్న చంక కింద వేలు పెట్టబోతే గోరు కూడా దూరలేదు.

"ఊపిరాడట్లేదు అన్నయ్యా," అన్నాడు బాబాయి. "ఇంత బిగుతుగా కోస్తే ఎలా? తమ్ముణ్ణి చంపుతావా?"

నాన్న పకపకా నవ్వాడు. కాస్త వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి, కోటు కుదిరినప్పుడు చూసే చూపు చూశాడు. ఆ మర్నాడే ఎదురింటికి తనే వెళ్ళి, తను పంపేసిన సూటు గుడ్డ ఇంకా కోయలేదని తెలుసుకుని, బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. బల్ల మీద పరిచి సుద్ద గీత గీశాడు. కత్తెర గుడ్డలో దిగి కరకరమంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. మేడ మెట్ల మీద నుంచి బాబాయి నాకు బొటనవేలు చూపించాడు.

ఆ వారంలోనే అమ్మ ఇంకో మాట కూడా అంది. వరండా కుర్చీలో దిండు చిక్కిపోయిందేమిటని. ఎలుకలేమో అనుకున్నాం. దిండు చిక్కితే కనిపెట్టగలిగాం.

పోటీ రోజు ప్రదర్శనశాల కిక్కిరిసిపోయింది. రెక్కలున్నవాళ్ళు, తోకలున్నవాళ్ళు, వెనక్కి తిరిగితే పక్కవాళ్ళని పడేసేంత కిరీటాలున్నవాళ్ళు. వాళ్ళందరి మధ్యలోంచి బాబాయి నడిచొస్తుంటే జనం దారి ఇచ్చారు. నల్లరంగు మీద వెండిరంగు పైపైన అద్దాను. అంచులన్నీ దెబ్బలు తిన్న ఇనుములా మెరుస్తున్నాయి. బస్సు పిల్లలు కొందరు అమ్మానాన్నలతో వచ్చారు. ముందు భయపడి వెనక్కి జరిగారు. బాబాయి శిరస్త్రాణం లోపలి నుంచి బస్సు హారను చప్పుడు నోటితో చేశాడు. డ్రమ్ము మామా అని అరుచుకుంటూ వచ్చి కాళ్ళకి చుట్టుకున్నారు.

వేదిక మీద ఆయన వంతు వచ్చింది. రెండో బహుమతి ఇచ్చారు. ఎవరు చేశారు దీన్ని అని అడిగారు. బాబాయి శిరస్త్రాణం తీసి, మైకు పట్టుకుని, "కోసింది మా అన్నయ్య. అదిగో, మెళ్ళో టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు చూడండి, ఆయనే," అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. నాన్న టేపుని గబగబా జేబులో కుక్కుకున్నాడు. ముగ్గురో నలుగురో దుకాణం ఎక్కడని అడిగి తెలుసుకున్నారు. నాన్న అంత గర్వంగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ గర్వంగా ఉంది. బాబాయి ముఖం మాత్రం రంగు లేకుండా ఉంది. వేదిక దిగాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. లోపల ఉడికిపోతోందని అన్నాడు. నీళ్ళిచ్చాం.

సాయంత్రం ఇంటికొచ్చాక ముందుగదిలో కవచం విప్పాం. నాన్న ఒక వైపు పట్టీలు, నేను ఇంకో వైపు. ఛాతీ పలక తెరుచుకోగానే లోపలి నుంచి తెల్లటి స్పాంజి ముక్కలు నేల మీద పడ్డాయి. ఒకటి కాదు. చంకల కింద, పొట్ట చుట్టూ, వెనక నడుము దగ్గర దొంతరలు దొంతరలుగా అంటుడు టేపుతో అంటించి ఉన్నాయి. చెమటకి తడిసి టేపు ఊడింది.

"ఇవేంట్రా?" అన్నాడు నాన్న.

బాబాయి దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. "పోటీ అయిపోయింది కదా, ఇంక చెప్పొచ్చులే. నీ కొలత కాస్త వదులైంది అన్నయ్యా. చెప్తే మళ్ళీ కత్తెర పక్కన పెడతావని వదిన దిండు లోంచి..."

"ఎప్పుడు వదులైంది?"

"చాన్నాళ్ళే అయింది. మొదటిసారి సరిగ్గానే ఉండింది గానీ, ఆ తర్వాత చూసినప్పుడు వదులు. ఇంకా తర్వాత చూసినా వదులే."

నాన్న ఒక స్పాంజి ముక్క చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు. "నేను రెండుసార్లు తగ్గించాన్రా," అన్నాడు. "నువ్వు పడుకున్నప్పుడు."

బాబాయి ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలో లేదు. నా వైపు చూశాడు. నేను తలూపాను. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

నాన్న జేబులోంచి టేపు తీశాడు. బాబాయి చేతులు పైకెత్తాడు. బనియను పక్కటెముకల మీద వేలాడుతోంది. ఇన్ని వారాలు ఒకే ఇంట్లో తిరిగిన మనిషిని మేం అప్పుడు చూశాం. నాన్న ఛాతీ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పొట్ట దగ్గర టేపు ఒక చుట్టు తిరిగి, ఇంకా చాలా మిగిలింది. ఆ అంచు నా చేతికిచ్చి, "నువ్వు చదువమ్మా," అన్నాడు.

నేను చదివాను. నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మామూలుగా అడిగే ప్రశ్నలే అడిగింది. ఎప్పట్నించి చిక్కుతున్నారు, ఎంత చిక్కారు. మామూలుగా ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి సరిగ్గా తెలియదట. నాన్న తల వంచుకుని చెప్పుకుపోయాడు. సెలవుల మొదట్లో ఛాతీ ఇంత, పొట్ట ఇంత. మొదటిసారి తీసిన పేలిక ఇంత వెడల్పు, రెండోసారిది ఇంత. ఆ పైన స్పాంజి ఇంత మందం. ఆవిడ రాసుకోవడం ఆపి నాన్న వైపు చూసింది.

"ఇంత బాగా గమనించారు కదా," అంది. "మొదటిసారే తీసుకొచ్చి ఉంటే..." అని, మా ముఖాలు చూసి ఆ మాట అక్కడే వదిలేసింది. క్యాన్సరు, కడుపులోనట. అప్పటికే పక్కలకి పాకిందట.

బయట బల్ల మీద బాబాయి నాన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "అయితే నీ కొలత తప్పలేదు అన్నయ్యా. మొదట్నించీ నువ్వే కరెక్టు. నేనే నిన్ను అనుమానించాను."

"తప్పి ఉంటే బాగుండేదిరా," అన్నాడు నాన్న.

ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు కాస్త మొరటుగా ఉండి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. కోటు వదులైందని నలుగురిలో అనేసిన ఆ వకీలు లాంటివాడు మా ఇంట్లో ఒక్కడు ఉన్నా సరిపోయేది. మా వాళ్ళు ఒకరి మనసు ఒకరు నొప్పించలేని మనుషులు. అందుకు నాకు వాళ్ళ మీద కోపం వచ్చేది. ఇప్పుడు కోపం లేదు, దిగులే మిగిలింది.

వానలు మొదలయ్యాయి. బడి తెరిచారు. బస్సుకి కొత్త డ్రైవరు వచ్చాడు. నాన్న దుకాణం మాత్రం కళకళలాడింది. పోటీలో చూసినవాళ్ళు వచ్చారు, వాళ్ళు చెప్పగా ఇంకొందరు వచ్చారు. అమ్మ కాజాలు కుట్టలేక సతమతమయ్యేది. నాన్న చెయ్యి మునుపటి కంటే నిదానంగా, నిక్కచ్చిగా పనిచేసేది. ఒక్క కోటూ వెనక్కి రాలేదు. బాబాయి కోరుకున్నది అదే. ఆయన మంచం ముందుగదిలోకి మార్చాం, మెట్లెక్కలేకపోతున్నాడని. పడుకుని నాన్న కోయడం చూస్తుండేవాడు. ఆస్పత్రికి వెళ్ళొచ్చిన రోజుల్లో నీరసంగా పడుండి కూడా, కత్తెర చప్పుడు ఆగితే కళ్ళు తెరిచేవాడు.

ఒకరోజు కాస్త ఓపిక వచ్చింది. "బడి వదిలే వేళకి గేటు దగ్గరకి వెళ్ళొద్దాం అన్నయ్యా," అన్నాడు. "పిల్లల్ని చూడాలనుంది. మంచి చొక్కా ఒకటి కుట్టి పెట్టు. ఆ నల్లచారలవి వద్దు."

నాన్న తెల్లటి గుడ్డ తీశాడు. నేను టేపు అందించబోయాను.

"అక్కర్లేదు. నాకు తెలుసు," అన్నాడు.

బల్ల మీద ఆయన సుద్దతో గీసిన అంకెలు చూసి టేపు చుట్టి పక్కన పెట్టేశాను. సెలవుల మొదట్లో, బాబాయి ప్లాస్టిక్ కాగితంలో నిలబడి కన్ను కొట్టిన రోజు, నేను ఫోమ్ వెనక రాసుకున్న అంకెలవి. అంతకంటే తక్కువ కోయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. అమ్మ కూడా చూసింది. గుడ్డ వృథా అవుతుందని ఎప్పుడూ సణిగే మనిషి, నేరుగా వెళ్ళి కాజాలకి దారం ఎక్కించుకుంది.

చొక్కా మర్నాటికల్లా తయారైంది. బాబాయి మంచం పట్టె పట్టుకుని లేచాడు. నాన్న వెనక నిలబడి ఒక్కో చెయ్యీ తొడిగాడు. భుజాల కుట్లు మోచేతుల వైపు జారిపోయాయి. ముందు గుడ్డంతా కిందికి వేలాడింది. నాన్న కాలరు సర్దాడు, భుజం సర్దాడు, మళ్ళీ కాలరు సర్దాడు. బాబాయి అద్దంలో తనని తను చూసుకోలేదు, నాన్ననే చూశాడు. ఎప్పటిలా ఏదో వేళాకోళం ఆడతాడని నేను ఎదురుచూశాను.

"వదులుగా ఉంది అన్నయ్యా," అన్నాడు.

నాన్న చెయ్యి కాలరు మీద ఆగింది.

"అవునురా," అన్నాడు. "వదులుగా ఉంది."

తర్వాత అమ్మ వచ్చి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. పిల్లలు వచ్చే వేళవుతోందని ముగ్గురం కలిసి ఆయన్ని గుమ్మం దాటించాం.